ఆరు పత్తిగింజలు

పర్చూరు
6-8-1961

చి. పార్వతికి అక్కయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. ఉన్నది ఇద్దరం. ఒకరు మంచం మీద, ఒకరు మంచం పక్కన. దాన్ని క్షేమం అంటారో లేదో నువ్వే చెప్పాలి.

గురువారం మీ ఆసుపత్రి నుంచి బయల్దేరాక చిలకలూరిపేట దాటేదాకా మీ బావగారు కళ్ళు తెరవలేదు. ఇంటి ముందు నలుగురు పట్టి కారులోంచి దించుతుంటే "చాలు" అన్నారు. పక్షవాతం వచ్చాక ఆయనకి మిగిలిన మాట అదొక్కటే. అన్నం కావాలన్నా చాలు, నొప్పన్నా చాలు, కిటికీ తెరవమన్నా చాలు. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి పిల్లల్ని హడలగొట్టిన మనిషి ఇప్పుడిలా ఉన్నారు.

నువ్వు పంపిన సువార్తమ్మ శుక్రవారం దిగింది. మనిషి నెమ్మదస్తురాలిలాగే ఉంది. నీ వార్డులో పద్నాలుగేళ్ళు ఆయాగా చేసిందట, ఇన్సులిన్ సూది వెయ్యడం నువ్వే నేర్పావట. పెరటి వసారాలో చోటిచ్చాను. వంట తనే చేసుకుంటుంది. ఆయన గదిలోకి పెరటి తలుపున వస్తుంది, వంటింటి వైపు తొంగిచూడదు. నేను చెప్పకముందే తనే అలా మసలుకుంది. అది చూసి నాకే కాస్త సిగ్గేసింది. కానీ ఈ ఇంటి మడీ ఆచారం ఈ వయసులో నేను మార్చలేను.

నీ మొగుడు పోయాక నువ్వు నర్సు చదువుకి వెళతానన్ననాడు "ఆ పిల్ల చేతి మంచినీళ్ళు నేను ముట్టను" అన్నది మీ బావగారే. నేనప్పుడు తలుపు చాటునుంచి బయటికి రాలేదు. ఇన్నేళ్ళకి ఆయన ప్రాణం నీ మాట మీద నడుస్తోంది. ఎత్తిపొడవకుండా, ఏమేం చూసుకోవాలో వివరంగా రాయి.

నీ అక్క
కోటేశ్వరమ్మ


గుంటూరు
10-8-1961

అక్కయ్యకు పార్వతి నమస్కారం.

ఎత్తిపొడిచే ఓపిక లేదు, భయపడకు. పన్నెండు గంటల డ్యూటీ దిగి, బకెట్టు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే నా కాళ్ళని తిట్టుకో.

ఆసుపత్రిలో బాగుచేసి ఇళ్ళకి పంపిన రోగులు నెల తిరక్కుండా పుళ్ళతో మళ్ళీ రావడం చూసి చూసి విసుగెత్తాను. అందుకని ఎనిమిదిమంది ఆడవాళ్ళకి నేనే పని నేర్పి ఇళ్ళకి పంపుతున్నాను. వాళ్ళకోసం పది నియమాలు రాసిపెట్టాను. ఒక్కో నియమం వెనక ఎవరిదో ఒకరి ఒళ్ళు పుండయింది, అందుకని ఏదీ చిన్నది కాదు.

నీకు ముఖ్యమైనవి చెబుతాను. పగలు రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు ఒరుసుకుపోతుంది. ఇన్సులిన్ సీసా ఎండ తగలకుండా తడి ఇసక పోసిన కుండలో ఉంచాలి. గాజు సిరంజీ, సూదీ గిన్నెలో నీళ్ళు పోసి పది నిమిషాలు తెర్లించాలి. తెర్లాక పట్టకారుతో తియ్యాలి తప్ప ఎవరూ వేలు పెట్టకూడదు. పొద్దున్నే ఒంటేలుకి నీలం మందు కలిపి కాచి చూడాలి. ఆకుపచ్చకి తిరిగితే ఫరవాలేదు, ఇటికరంగు వచ్చిందంటే వెంటనే నాకు తెలియాలి.

సువార్తమ్మకి రాత రాదు. అందుకని ఆమెకో డబ్బా ఇచ్చాను. పక్క తిప్పినప్పుడల్లా అందులో ఒక పత్తిగింజ వేస్తుంది. పొద్దున ఏడు నుంచి సాయంత్రం అయిదు దాకా ఆరు గింజలు పడాలి. సాయంత్రం నువ్వు చూసి, ఖాళీ చేసి పెట్టు. ఆమెని నమ్మక కాదు. నన్ను కూడా మా మేట్రన్ అలాగే చూస్తుంది.

నువ్వూ కాస్త తిను. నీకు జ్వరమొస్తే ఆ ఇంట్లో గంజి కాచేవాళ్ళు లేరు.

పార్వతి


పర్చూరు
27-8-1961

చి. పార్వతికి,

నీ ఉత్తరం సువార్తమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. "ఇవన్నీ నాకు నోటికొచ్చు అమ్మగారూ" అని నవ్వింది. నిజంగానే వచ్చు. డబ్బాలో రోజూ ఆరు గింజలు. ఒకనాడు కావాలనే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, దొంగతనంగా వేస్తుందేమోనని. వెయ్యలేదు. ఆయన వీపు మీద మచ్చ కూడా లేదు.

నీకో మాట చెప్పనా? ఆవిడ పక్క తిప్పుతుంటే మీ బావగారి మొహంలో నవ్వులాంటిదేదో కనిపిస్తోంది. నేను తిప్పితే "చాలు" అంటారు. ముప్ఫై రెండేళ్ళ కాపురానికి నాకు దక్కింది అదీ. రాయకూడదనుకుంటూనే రాశాను, చదివి చించెయ్యి.

ఇక్కడ వానలు దంచి కొడుతున్నాయి. మెరపనారు కుళ్ళుతోందని ఊళ్ళో రైతులు గోల. మన బావి నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపి తేర్చుకుంటున్నాను. తేరాక అద్దంలా ఉంటాయిలే.

నువ్వు రాసినవన్నీ ఆవిడ చేస్తోంది. దానిపైన నా ఇంటి పద్ధతి నేను చూసుకుంటున్నాను. ఆయన నోరు పడిపోకముందు నాకు చెప్పిన మాట ఒకటుంది, అది తప్పను. ఏదీ నీ నియమాలకి అడ్డం కాదు, ఊరికే చెప్పానంతే.

నువ్వు ఒకసారి వచ్చి చూసిపోరాదూ? తిండి విషయం ఎలాగో సర్దుకుందాం.

నీ అక్క


గుంటూరు
5-9-1961

అక్కయ్యకు,

నాలుగు ముక్కలే రాస్తున్నాను. వార్డులో ఒళ్ళు కాలిన పిల్ల ఒకత్తి వచ్చింది, మూడు రోజులుగా దాని పక్కనే ఉన్నాను. నీ ఉత్తరం సగం మెట్ల మీద, సగం మెస్సులో చదివాను. బావగారు నవ్వారంటే సంతోషం. సువార్తమ్మ మీద ఈర్ష్య పడకు, ఆమె ఏ రోగినైనా నవ్వించగలదు.

"తిండి విషయం ఎలాగో సర్దుకుందాం" అన్నావు. అంటే నాకు వసారాలో విస్తరేస్తావన్నమాట. సెలవు దొరికినప్పుడు చూద్దాంలే.

ఎక్కడైనా ఎరుపో వాపో కనిపిస్తే ఉత్తరం రాయకు, టెలిగ్రాం ఇవ్వు.

పార్వతి


పర్చూరు
2-10-1961

పార్వతీ,

నువ్వు విస్తరి మాట రాసింది చదివి ఏడ్చాను. సమాధానం రాయకూడదని పంతం పట్టి కూర్చున్నాను. ఇప్పుడు ఆ పంతానికి ఫలితం అనుభవిస్తున్నాను.

గురువారం పొద్దున ఆయన కుడి తొడ మీద, సూది వేసే చోట, నిమ్మకాయంత గట్టిగా లేచింది. "సిస్టరమ్మకి తంతి కొట్టించండి అమ్మగారూ" అని సువార్తమ్మ ఆ పూటే అంది. ఆ శనివారం మా మామగారి మహాలయం. మా మరిదీ, భోక్తలూ, వంటా. రెండు రోజులు ఆగుదామన్నాను. ఆగేసరికి చీము పట్టింది. జ్వరం నూట మూడు. ఈ ఊరి డాక్టరు భావనారాయణగారు చూసి, సిరంజి శుభ్రంగా ఉండి ఉండదు, దానివల్లే ఇది అన్నారు. ఇవాళ సాయంత్రం కోసి చీము తీస్తారట. చక్కెర జబ్బు మనిషి కనుక పుండు మానకపోతే కాలికే ముప్పు రావచ్చునట.

సిరంజి తెర్లించేది సువార్తమ్మే. ఆమెని ఏమనాలో నాకు తెలియడం లేదు. నువ్వు చెప్పు.

ఈ ఉత్తరం బస్సు కండక్టరు సుభానీ చేతికిచ్చి పంపుతున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

కోటేశ్వరమ్మ


గుంటూరు
3-10-1961

అక్కయ్యకు,

టెలిగ్రాం ఇమ్మంటే మహాలయం పెట్టుకుని కూర్చున్నావు. నిన్నేమనాలి?

సుభానీ చేత పెనిసిలిన్ పంపుతున్నాను. భావనారాయణగారికి ఇవ్వు, ఎంతెంత వెయ్యాలో ఆయనకి తెలుసు. ఇన్సులిన్ ఇక ఎడమ తొడకి వెయ్యమను. నాకు సెలవివ్వలేదు, రాలేను.

సువార్తమ్మ సంగతి. పది నిమిషాలు తెర్లించిన సిరంజీతో గడ్డ లేవదు. అంటే ఆమె తెర్లించలేదు, రెండు నిమిషాలకే దించేసింది. పనిలో ముదిరాక చెయ్యి బద్ధకిస్తుంది, ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాను. నా నియమం ప్రకారం తప్పు చేసినవాళ్ళకి రెండో ఇల్లు లేదు. ఈ ఉత్తరం అందిన రోజే ఆమెని పంపించెయ్యి. నా జాబితాలో ఆమె పేరు కొట్టేశాను. తక్కిన ఏడుగురికీ కూడా చెప్పాను, భయముంటుందని.

ఆమెని పంపింది నేను. అందుకే నాకు తల కొట్టేసినట్టుంది.

పార్వతి


పర్చూరు
17-10-1961

చి. పార్వతికి,

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే సువార్తమ్మని పంపేశాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "సిస్టరమ్మే రాసిందా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే సరే" అని బట్టలు మూటగట్టుకుంది. డబ్బా పెరటి మెట్టు మీద పెట్టింది, దాని పక్కన మిగిలిన గింజల మూట. ఆ రోజువి ఆరూ డబ్బాలో ఉన్నాయి. వాళ్ళ ఊరు పెదకాకాని వెళ్ళే బస్సు అప్పటికే వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది. చిలకలూరిపేట దాకా నడిచిందో, బండే దొరికిందో.

ఇప్పుడన్నీ నేనే. కాంపౌండరు పొద్దున్నే వచ్చి సూది వేసి పోతాడు, తక్కింది నా పని. ఆయన్ని తిప్పాలంటే నా నడుం విరుగుతోంది. నీ దగ్గర దాచడమెందుకు, తిప్పకుండానే సాయంత్రం ఒకేసారి ఆరు గింజలు డబ్బాలో వేసిన రోజులున్నాయి. ఎవరు చూస్తారని వేశానో నాకే తెలియదు. చూసేదాన్ని నేనే కదా.

కుడికాలి పుండు తడారుతోందన్నారు డాక్టరుగారు. అంతలోనే నిన్న ఎడమ తొడ మీద మళ్ళీ లేచింది. అచ్చు అలాగే. ఈసారి సువార్తమ్మ లేదు. సిరంజి నేనే తెర్లిస్తున్నాను, పది నిమిషాలు కాదు, గడియారం ఎదురుగా పెట్టుకుని ఇరవై నిమిషాలు. తర్వాత ఎప్పటిలాగే మడి కట్టుకుని, తేర్చిన బావినీళ్ళు చెంబుతో పోసి కడిగే కాంపౌండరుకి ఇస్తున్నాను. ఆవిడున్నప్పుడూ ఇలాగే కడిగేదాన్ని. ఇంతకన్నా శుభ్రం ఎలా చెయ్యను? నా చెయ్యే మంచిది కాదా, ఇంటికేదైనా దోషం పట్టిందా? నాకేమీ పాలుపోవడం లేదు.

నీ అక్క


గుంటూరు
20-10-1961

అక్కయ్యా,

వార్డు వరండాలో నీ ఉత్తరం చదువుతూ అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాను. సిస్టరుకి కళ్ళు తిరిగాయని ఎవరో సోడా తెచ్చారు.

నీ చెయ్యి మంచిదే. ఇంటికి దోషమూ లేదు. ఆ చెంబునీళ్ళే అక్కయ్యా. వానలకి ఎర్రబడిన బావినీళ్ళు నువ్వు చిల్లగింజతో తేర్చావు. తేరితే బురద అడుక్కి పోతుంది, కంటికి కనపడని పురుగు పోదు. ఇరవై నిమిషాలు తెర్లించి చంపినదాన్ని చెంబెడు నీళ్ళతో మళ్ళీ సిరంజీలోకి ఎక్కించావు, రోజూ, రెండున్నర నెలలుగా.

ఇకనుంచి తెర్లిన సిరంజి మీద ఒక్క చుక్క పడకూడదు. నువ్వు మడి కట్టుకుని తాకినా సరే, నేను తాకినా సరే, దానికి అది మైలే.

నిన్ను తిట్టాలని కలం పట్టాను. కానీ పెట్టెలోంచి నీ ఆగస్టు ఉత్తరం తీసి చూశాను. "నా ఇంటి పద్ధతి నేను చూసుకుంటున్నాను" అని రాశావు. ఆ పైనే బావినీళ్ళ సంగతీ ఉంది. ఏం పద్ధతి అని ఒక్క ముక్క నేను అడగలేదు. అలసిపోయి, మెట్ల మీద సగం చదివి, నీ తిండి మాట పట్టుకుని ఎత్తిపొడిచాను. గడ్డ లేచిందనగానే ఆమె పేరు కొట్టేశాను. పద్నాలుగేళ్ళు నా పక్కన నిలబడ్డ మనిషిని.

ఇంతకీ ఎందుకు కడిగావు? అది మాత్రం రాయి.

పార్వతి


పర్చూరు
24-10-1961

చి. పార్వతికి,

రాస్తాను. మీ ఆసుపత్రిలో మొదటి ఇన్సులిన్ సూది వేసిన రోజున మీ బావగారు నన్ను మంచం దగ్గరికి పిలిచారు. అప్పటికింకా మాట పోలేదు. "ఎవరెవరు ముట్టిందో నా ఒంట్లోకి పోతోంది. ఇంటికెళ్ళాక నీ చేతి మడినీళ్ళతో కడగనిది నన్ను తాకనివ్వకు" అన్నారు. సరేనని చేతిలో చెయ్యి వేశాను. మర్నాటికి పక్షవాతం వచ్చి ఆయన మాట పోయింది. అది ఆయన నాతో పూర్తిగా మాట్లాడిన ఆఖరి మాట. దాన్ని నిలబెట్టుకుంటున్నాననుకున్నాను.

సువార్తమ్మ రెండుసార్లు చెప్పింది. "తెర్లాక నీళ్ళు పొయ్యకూడదమ్మగారూ, సిస్టరమ్మ ఒప్పుకోదు" అని. నీకెందుకు, ఇది మా ఇంటి సంగతి అన్నాను. నువ్వు ఆమెని పంపెయ్యమన్ననాడు కూడా నాకిది గుర్తురాలేదు. ప్రమాణంగా గుర్తురాలేదు పార్వతీ.

నిన్న ఆయన పక్కన కూర్చుని అంతా చెప్పాను. నా మాట నిలబెడితే మీ కాళ్ళు నిలబడవు, ఇక కడగను, నన్ను క్షమించండి అన్నాను. ఎడమచెయ్యి లేపి నా మణికట్టు పట్టుకున్నారు. "చాలు" అన్నారు.

సువార్తమ్మ దగ్గరికి వెళ్ళి నా తరఫున చెప్పు.

కోటేశ్వరమ్మ


గుంటూరు
6-11-1961

అక్కయ్యకు,

నీ తరఫున నేను చెప్పలేదు. నా తప్పు మటుకు నేను చెప్పుకున్నాను.

ఆదివారం పెదకాకాని వెళ్ళాను. ఆమె మొగుడు ఆదాం వాకిట్లో కూర్చుని ఉన్నాడు, లోపలికి రమ్మనలేదు. సువార్తమ్మ గుంటూరులో ఒక మిరపకాయల గోడౌనులో తొడిమలు తీసే పనికి పోతోంది. నా మాట విని వేరే ఇళ్ళవాళ్ళెవరూ ఆమెని పిలవలేదు. మధ్యాహ్నం వచ్చింది. చేతులు ఎర్రగా ఉబ్బి, వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయి ఉన్నాయి.

తప్పు నాదే అన్నాను. నీళ్ళ సంగతి నాకెందుకు కబురుచెయ్యలేదని కూడా, సిగ్గు లేకుండా, అడిగాను. ఆమె ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "అమ్మగారికి చెప్పా. ఇనలా. ఆయమ్మ మీ అక్కగారు, మీకు ఎట్టా చెప్పేది? పోనీ గడ్డ లేచినాకన్నా, ఏం జరిగింది సువార్తమ్మా అని మీరొక్క మాట అడిగితే చెప్పేదాన్నిగా సిస్టరమ్మా. మీరు అడగలేదు."

నా పది నియమాల్లో ఒక్కటీ నా నోరు గురించి లేదు. పదకొండోది రాసి గోడకి అంటించాను. తప్పు జరిగితే ముందు చేసినవాళ్ళని అడగాలి, తర్వాతే చెయ్యి పెన్ను మీదికి పోవాలి. ఏడుగురినీ పిలిచి, వాళ్ళ ముందు ఆమె పేరు మళ్ళీ రాశాను.

పర్చూరు మళ్ళీ వెళతావా అంటే చేతులు చూపించింది. "ఈ కారం చేతుల్తో ముట్టుకుంటే ఆయనకి మంట. మానాక చూద్దాం" అంది. వస్తానని మాటివ్వలేదు. నువ్వే వెళ్ళి అడగాలి అక్కయ్యా. ఇది ఉత్తరాలతో అయ్యే పని కాదు.

పార్వతి


పర్చూరు
28-11-1961

చి. పార్వతికి,

ఎడమ తొడ గడ్డ కోసే పని లేకుండానే అణిగింది. కుడిది మానడానికి ఇంకో నెల పడుతుందట, కాలికి భయం లేదన్నారు భావనారాయణగారు. సిరంజీ మీద చుక్క పడనివ్వడం లేదు. చెంబు అటకెక్కించాను.

మొన్న పదిహేనో తారీఖున మా మరిదిని ఇంట్లో కూర్చోబెట్టి పెదకాకాని వెళ్ళాను. స్వామి దర్శనానికని బస్సులో అందరికీ చెప్పాను, గుడికి మాత్రం వెళ్ళలేదు. సువార్తమ్మ నన్ను చూసి లేచి నిలబడింది, నులకమంచం వాల్చింది. చెప్పవలసింది చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చి గొంతు ఎండిపోయింది. మంచినీళ్ళు అడుగుదామనుకున్నాను. ఆమె ఇవ్వలేదు, నేను తాగనని. నేను అడగలేదు, ఇప్పుడు కూడా పని చెబుతున్నాననుకుంటుందేమోనని. అలా దాహంతోనే తిరిగొచ్చాను. ఇంకోసారి వెళితే అడుగుతాను.

వస్తానని సుభానీ చేత కబురు పంపి సోమవారం వచ్చింది. నేను పిలిచినందుకు కాదట, అయ్యగారి వీపు ఎలా ఉందో చూడాలనట. వీపు మీద రెండు చోట్ల ఎర్రగా కమిలి ఉంది. ఎందుకో తనకి తెలుసు, నన్నేమీ అడగలేదు. ఆయన మాత్రం ఆమెని చూసి ఎడమచెయ్యి ఊపారు.

దీపం పెట్టే వేళకి డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. లోపల అయిదు గింజలున్నాయి.

"ఆరుండాలిగా" అన్నాను.

"పొద్దుట బస్సు లేటయిందిగా అమ్మగారూ. నేనొచ్చేసరికి ఎనిమిది దాటింది. ఏడింటిది నాది కాదు. మీరు తిప్పుంటే మీరెయ్యండి" అంది.

నేను తిప్పలేదు పార్వతీ. ఆమె వస్తుందిలే అని కూర్చున్నాను. గింజల మూట నా చేతికందేంత దూరంలోనే ఉంది. ఆమె నన్ను చూడటం కూడా లేదు, అటు తిరిగి ఆయన పక్కబట్ట సర్దుతోంది.

మూత పెట్టేశాను. సోమవారానికి అయిదే.

నీ అక్క
కోటేశ్వరమ్మ